క్రీడాస్థలం ఎవరి స్థలం?

క్రీడారంగాల చరిత్ర అనగానే గెలుపోటముల జాబితా రాయడం మనకు పరిపాటి అయింది. ఆ నేల ఎవరి చేతినుంచి ఎవరి చేతికి మారింది, ఆట ఆగిన తర్వాత అక్కడ ఎవరు కాపురమున్నారు అన్న ప్రశ్న సాధారణంగా తలెత్తదు. నిజానికి ఒక సమాజపు వర్గస్వభావం ఆట జరిగేటప్పటికంటె, ఆట ముగిసిన తర్వాతనే స్పష్టంగా బయటపడుతుంది.

దక్షిణ ఫ్రాన్సులోని ఆర్ల్ నగరంలో క్రీ. శ. మొదటి శతాబ్దాంతాన రోమన్లు అండాకారపు క్రీడారంగాన్ని కట్టారు. సుమారు 20,000 మంది కూర్చుని, మనుషులు మనుషులను చంపుకోవడం చూసి ఆనందించిన చోటు అది. సామ్రాజ్యం కూలిపోయాక ప్రజలు ఆ గోడల మధ్య తలదాచుకున్నారు. క్రమంగా లోపల 200కు పైగా ఇళ్లు, రెండు ప్రార్థనామందిరాలు వెలిశాయి. ప్రేక్షకాగారం కోట అయింది, కోట ఊరయింది. బానిసల నెత్తురు తాగిన నేలమీద సామాన్యులు పొయ్యి వెలిగించుకున్నారు. 1820 దశకంలో పురాతన కట్టడాన్ని ఉద్ధరించే పేరిట ఆ ఇళ్లను స్వాధీనం చేసుకుని తొలగించారు. 1830లో, ఖాళీ అయిన ఆ రంగంలో తొలిసారి ఎద్దుల క్రీడ జరిగింది. దేనికనుకున్నారు? ఫ్రెంచి సేనలు ఆల్జియర్సును పట్టుకున్న సంబరానికి! ప్రాచీన శిల్పాన్ని కాపాడటం తప్పని ఎవరూ అనరు. కాని స్వదేశంలో ఇళ్లు పోయిన నేలమీద పరదేశపు ఆక్రమణ పండుగ జరగడం కేవలం కాకతాళీయమని సరిపెట్టుకోలేము.

రోములో డొమిషియన్ చక్రవర్తి సుమారు 86లో కట్టించిన స్టేడియం గతి వేరు. దాని మెట్ల వరసలే పునాదులుగా ఇళ్లు లేచాయి. పరుగుపందాల నేల బయలుగా మిగిలింది. అదే నేటి నవోనా చౌకు. 1477లో నగరపు సంత అక్కడికి వచ్చి 1869 దాకా సాగింది. ఇల్లు, అంగడి, గుడి, వీధి ఒక్కచోట కలిసిన ఇటువంటి దానిని నేటి స్థిరాస్తి వ్యాపారులు బహుళ ప్రయోజన సముదాయమంటారు. అయితే ఆ చౌకు చుట్టూ ప్రభువుల భవనాలు లేచినా, నడిమి నేలకు తాళం పడలేదు.

ఇక మన కాలపు ఉదాహరణ లండనులోని హైబరీ. 1886లో ఊలిచ్ ఆయుధ కర్మాగారపు కార్మికులు స్థాపించుకున్న ఆర్సెనల్ ఫుట్‌బాల్ జట్టు 1913లో అక్కడికి మారింది. 1935లో ఒక పోటీకి 73,295 మంది వచ్చారు. 1989లో హిల్స్‌బరో తొక్కిసలాట 97 మంది ప్రాణాలు బలిగొన్నది. ఆ తర్వాత పెద్ద జట్ల స్టేడియాలలో నిలబడి చూసే మెట్లు పోయి కుర్చీలు రావలసివచ్చింది. హైబరీలో 39,000 మందికైనా చోటు లేకపోయింది. చుట్టూ ఇళ్లు, 1936 నాటి తూర్పు గ్యాలరీకి చట్టరక్షణ, విస్తరణకు దారి లేదు. 2006లో క్లబ్బు దగ్గరలోనే సుమారు 60,000 మంది పట్టే కొత్త స్టేడియానికి తరలిపోయింది. పాత చోట 700కు పైగా ఫ్లాట్లు కట్టి అమ్మింది. తూర్పు, పడమటి గ్యాలరీల ముఖభాగాలు నిలిచాయి. ఆటస్థలం ఆ ఇళ్లవారి తోట అయింది.

పాత మెట్లకోసం కన్నీరు కార్చడం అభ్యుదయం కాదు. ప్రాణాలకు భద్రత కావాలి. నగరానికి ఇళ్లూ కావాలి. మన అభ్యంతరం ఇళ్లమీద కాదు. చట్టం ఇటుకలను రక్షించగలిగింది గాని, వారం వారం ఆ ఇటుకల మధ్య గుమిగూడిన జనపు హక్కును రక్షించలేకపోయింది. విస్తరణకు అడ్డునిలిచిన గోడే చివరకు ఫ్లాట్ల అమ్మకానికి ఆకర్షణ అయింది! కార్మికుల జ్ఞాపకానికి కూడా మార్కెట్టు వెలకట్టింది. ఆ మొత్తం పథకంలో తక్కువ ఆదాయంవారికి దక్కిన ఇళ్లు మార్కెట్టు దయవల్ల రాలేదు. స్థానిక పాలనాసంస్థ అడిగినందువల్ల వచ్చాయి. ఈ తేడాను విద్యార్థులు ముఖ్యంగా గమనించాలి.

పాడుబడిన స్టేడియాన్ని ఏం చెయ్యాలన్నది ఇంజనీర్ల ప్రశ్నగా కనిపిస్తుంది. అది ప్రజాస్వామ్యపు ప్రశ్న. ఎన్ని అంతస్తులు, ఎన్ని దుకాణాలు అని అడగడానికి ముందు, నిర్ణయించేది ఎవరు, లోపలికి రాగలిగేది ఎవరు అని అడగాలి. నడిమి నేలకు తాళం పడకముందే అడగాలి.