పేరును, ఊరును



నల్లగొండ జిల్లాలో, హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రహదారిపై మన చిట్యాల యున్నది. ఓరుగల్లు సీమలో, నేటి జయశంకర్ భూపాలపల్లి జిల్లాయందు, మరియొక చిట్యాల కలదు. ‘చిట్యాల రామయ్యగారికి’ అని మాత్రము వ్రాసిన జాబు ఏ రామయ్యగారిని చేరవలెను? 1972 ఆగస్టు 15వ తేదీన తపాలాశాఖవారు ఆరంకెల పిన్‌కోడు నేర్పరచుటకు ఇట్టి చిక్కులును కారణములే. మన చిట్యాలది 508114. ఆ చిట్యాలది 506తో మొదలగును.

ఉత్తరములు వేరుపరచు గుమాస్తా విలాసమును క్రిందినుండి మీదికి చదువును. రామయ్యగారెవరో ఆయన యెరుగనక్కరలేదు. అది చిట్యాల తపాలా జవానుకు తెలిసిన చాలును.

ఇంటర్నెట్టు ద్వారా మాటలాడుటయందును ఇదియే న్యాయము. 1999లో ప్రకటింపబడి 2002లో సవరింపబడిన ‘సిప్’ అను కట్టుబాటున విలాసమునకు ముందు మనిషి పేరు, పిదప డొమైను అనబడు స్థానము పేరు ఉండును. నడుమ ‘ఎట్’ అను చుట్టిన గుర్తు. దీనిని 1971లో రే టామ్లిన్సన్ అను అమెరికా దేశీయుడు యంత్రముల నడుమ నడచు ఉత్తరముల కొఱకు ఎన్నుకొనెను. పిలుచువాని యంత్రము పేరును విచారింపదు. డొమైను ఎచట నున్నదో నామపట్టికల నడిగి పిలుపు నచటికి పంపును. ఆ పేరుగలవాడు ఇప్పుడే సాధనముకడ నున్నాడో అచటి యంత్రము తన చిట్టాలో చూచుకొని గంట మ్రోగించును. ఆయన సాధనము తన ఉనికిని ఎప్పటికప్పుడు ఆ చిట్టాకెక్కించుచుండును గనుక, హైదరాబాదులో నున్నను దుబాయిలో నున్నను పిలుచువానికి విలాస మొక్కటే. గడియగడియకు మారు మనిషిని ఏ తపాలా జవాను వెదుకగలడు?

అయితే ఇందొక కష్టము కలదు. నిజాం రాజ్యమునకు 1869 నుండి సొంత తపాలా బిళ్ళలుండెను. 1950 ఏప్రిల్ 1న ఆ తపాలాశాఖ భారత తపాలాలో కలిసెను. శాఖ మారినను చిట్యాల చిట్యాలయే. ఊరు ఏ శాఖకును సొత్తు కాదు గదా! డొమైను అట్లు కాదు. దానికి యజమాని యుండును. పరదేశమున నున్న కుమారుడు ఒక కంపెనీవారి డొమైనుపై విలాసము తీసికొని, పిదప ఆ కంపెనీని విడిచెనా, తల్లి దాచుకొన్న కాగితము వ్యర్థమగును. మొబైలు సంఖ్యనైనచో 2011 జనవరి నుండి దేశమంతటను కంపెనీ మారినను ఉంచుకొనవచ్చును. ఈ విలాసమునకు ఆ వెసులుబాటు లేదు. సొంత డొమైను గలవాడు మాత్రము కంపెనీని మార్చియు విలాసమును నిలుపుకొనగలడు. దానికిని గడువు తీరకమునుపే రుసుము కట్టుచుండవలెను.