సెదాద్ హక్కీ ఎల్దెమ్: ఇంటి నుండి జాతీయ శైలి

1923లో టర్కీ గణతంత్రమైంది. కొత్త దేశపు భవనాలు ఎలా ఉండాలి? తొలి సంవత్సరాల్లో వేదాత్ టెక్, కెమాలెద్దీన్ వంటి వాస్తుశిల్పులు మసీదుల గుమ్మటాలను, కొనదేలిన కమానులను తెచ్చి కార్యాలయ భవనాలకు అమర్చారు. 1924లో ఖిలాఫత్‌ను రద్దు చేసిన ప్రభుత్వానికి ఈ అలంకరణ పాత సామ్రాజ్యాన్నే గుర్తుచేసేది. 1930 నాటికి మధ్య ఐరోపా వాస్తుశిల్పుల ఆధునిక శైలి ముందుకొచ్చింది.

ఎల్దెమ్ (1908–1988) ఈ రెండు దారులూ వదిలి మూడోదాన్ని వెతికారు. జాతీయ శైలికి మూలం మసీదు కాదు, మామూలు ఇల్లు అన్నది ఆయన వాదన. 1934లో ఇస్తాంబుల్ లలితకళల అకాడమీలో జాతీయ వాస్తుశిల్ప సెమినార్ ప్రారంభించి, విద్యార్థుల చేత పాత కొయ్య ఇళ్లను కొలిపించి పటాలు గీయించారు. ఆ పటాల్లో చాలా భాగం 1948లో అకాడమీ అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. అయినా 1954లో ఆయన టర్కీ ఇళ్ల నమూనాలపై గ్రంథం వెలువరించారు. అందులో వర్గీకరణకు ఆధారం ‘సోఫా’. మనం కూర్చునే సోఫా కాదు. గదులన్నీ తెరుచుకునే హాలు అని గ్రహించండి. అది ఇంటి బయటి వైపు ఉందా, లోపల ఉందా, నడిమధ్య ఉందా అన్నదాన్ని బట్టి ఇంటి రకం తేలుతుంది.

ఈ వాదనలోని బలాన్ని గమనించండి. కొయ్య ఇంట్లో బరువు మోసేది స్తంభాల చట్రం. గోడ కేవలం పూరకం. కాంక్రీటు చట్రమూ అంతే. కాబట్టి పాత ఇల్లు అప్పటికే ఆధునికమని ఆయన అనగలిగారు. 1948లో ఇస్తాంబుల్‌లో పూర్తయిన తాష్‌లిక్ కాఫీహౌస్‌కు బాస్ఫరస్ ఒడ్డున ఉన్న 1699 నాటి భవనం నమూనా. అయితే కొద్ది ఏళ్లకే ఈయనే ఒక అమెరికన్ సంస్థతో కలిసి ఇస్తాంబుల్ హిల్టన్ హోటల్‌ను పెట్టె ఆకారంలో కట్టారు!

ఇక అసలు చిక్కు పేరులో ఉంది. ఇటువంటి ఇళ్లు బాల్కన్ దేశాల్లోనూ ఉన్నాయి. గ్రీకులు, ఆర్మేనియన్లు కూడా వాటిలో నివసించారు. ‘టర్కీ ఇల్లు’ అనగానే వారి వాటా కనుమరుగవుతుంది. సామ్రాజ్యపు ఉమ్మడి వారసత్వం ఇలా ఒక జాతి ఆస్తిగా మారింది.

నా దృష్టిలో ఆయన ఉత్తమ కృషి తాష్‌లిక్ కాదు, జెయ్‌రెక్‌లోని సామాజిక భద్రతా సంస్థ భవన సముదాయం. దీనికి 1986లో ఆగా ఖాన్ పురస్కారం వచ్చింది. ఇక్కడ పాత భవనానికి నకలు లేదు. పెద్ద కార్యాలయాన్ని చిన్న చిన్న భాగాలుగా విడదీసి, వెనకనున్న కొయ్య ఇళ్ల ఎత్తుకు తగినట్టు వాలు వెంబడి దించారు.