దుమ్ముగూడెమున తప్పిపోయిన కుమారుని కథ

శబ్దార్థము వేఱు, తాత్పర్యము వేఱు అని మన మీమాంసకులు చేసిన విభాగము క్రైస్తవవేదమునకును వర్తించును. శబ్దార్థము నిఘంటువున దొరకును. తాత్పర్యమో, వినువారి యాచారములతో ఒరసికొన్నగాని తేటపడదు. భద్రాచలమునకు ఎగువను గోదావరి యొడ్డుననున్న దుమ్ముగూడె మిందులకు నిదర్శనము.

భద్రాచలప్రాంతము 1860లో నిజామువలన ఆంగ్లేయులకు సంక్రమించి, 1874లో గోదావరిమండలమునను, 1959లో ఖమ్మముజిల్లాలోను చేరినది. గోదావరిని పడవలరాకపోకల కనువుపఱచుటకై దుమ్ముగూడెముకడ ఆనకట్ట తలపెట్టబడెను గాని, ఆ పథకము 1871లో విడువబడినది. పథకము పోయినను, అందు పనిచేసిన ఇంజనీరు హేగ్ ప్రోద్బలమున వెలసిన చర్చి మిషనరీ సంఘమువారి కోయ మిషను నిలిచినది. అచట పనిచేసిన జాన్ కెయిన్ బోధకుడే కాదు, నిశితపరిశీలకుడు. భద్రాచల, రేకపల్లి తాలూకాలనుగూర్చి 1876 మొదలు ఆయన 'ఇండియన్ ఆంటిక్వరీ'లో ప్రకటించిన వ్యాసములనుండియే, 1909లో థర్‌స్టన్ తన కులచరిత్రగ్రంథమున కోయలవృత్తాంతమును విరివిగా గ్రహించినాడు.

లూకా సువార్త 15వ అధ్యాయమునందలి తప్పిపోయిన కుమారుని కథ భాషాపరిశోధకులకు సుపరిచితము. గ్రియర్సన్ తన భాషాసర్వేకు ప్రథమోదాహరణముగా గైకొన్నది దీనినే. కోయభాషను గోండీకి మాండలికముగా చర్చించిన 4వ సంపుటము 1906లో వెలువడెను. చిన్నకొడుకు పిత్రార్జితమును పంచుకొనిపోయి, దుర్వ్యయముచేసి, కరవున పందులను మేపి, తుదకు ఇలు చేరును. తండ్రి దూడను కోయించి విందుచేయును. కథ యింతియే. కాని పంది, దూడ అను రెండుమాటలకడ వ్యాఖ్యాత నిలువవలసియున్నది.

యూదధర్మశాస్త్రమున పంది అపవిత్రము. కావున దానిని మేపుట ఆ కుమారుని పతనమునకు పరాకాష్ఠ. తెలుగు పండితునకును ఈ యర్థము వివరణములేకయే స్ఫురించును. పందులను పెంచుటయు, పంది మాంసమును తినుటయు వాడుకగాగల కోయకు ఇందు అవమానమేమి? ఇట బోధకుడు లేవీయకాండమును విప్పి యూదాచారమును బోధింపవచ్చును. అది సత్యమే, అయినను కథాప్రవాహమునకు అడ్డుకట్ట. అవమానము జారిపోయినను ఆకలి నిలుచును. కరవువచ్చినదని మూలమే చెప్పుచున్నది గదా! ఇప్పపూవుతో, అడవిదుంపలతో కరవునీదిన జనమునకు ఆ మాట చాలును.

దూడవిషయ మంతకంటె గంభీరము. కెయిన్ వ్రాతనుబట్టి, కోయలు శవదహనవేళ ఆవునో ఎద్దునో వధించి, దాని తోకను మృతుని చేతనుంచెడివారు. అనగా పశువధ మరణకర్మలో నొక యంగము. ఇట్టి శ్రోతకు, ఇంటికి నడచివచ్చిన కొడుకుకొఱకు దూడను కోయుట వింతగా తోపకమానదు. చచ్చినవానికి చేయవలసినది బ్రదికినవానికి చేయుచున్నారే! ఆ తండ్రి నోట వెలువడు హేతువును సరిగ నిదియే: కుమారుడు చనిపోయి మరల బ్రదికెనని ఆతడు ఒకసారి సేవకులతోను, మఱియొకసారి పెద్దకొడుకుతోను పలుకును. విందునందలి సంతోషముమాత్రమే చూచు పాఠకులు అలంకారముగా దాటిపోవు ఈ వాక్యము, కోయశ్రోతకు కథకెల్ల కీలకము కాదగును.

శ్రోతల యాచారమునంతయు మూలమున జొప్పించుట వ్యాఖ్యానమా యని ఆక్షేపింపవచ్చును. ఆక్షేపము న్యాయమైనదే. మూలవాక్యము తోడు నిలువని యాచారము వ్యాఖ్యకు పనికిరాదు. పందికి కోయయాచారమునుండి క్రొత్తయర్థము కల్పించుట కిట్టి ఆధారము లేదు. దూడకు రెండుమాఱు లున్నది.

ఇక భద్రాచలక్షేత్రమునకు వచ్చు రామభక్తునకు ఇదే దూడ దుస్సహము. గోవధతో పండుగచేసిన తండ్రిని దేవునికి ఉపమానముగా నెట్లు గ్రహించును? క్రోసులదూరమున ఒకనికి తలుపు తెఱచిన మాటయే వేఱొకనికి గడియ వేయుచున్నది. కథలోను అట్టివాడొకడు కలడు: విందుసంగతి విని పెద్దకొడుకు అలిగి వెలుపలనే నిలిచెను. అతని యలుకకు హేతువు వేఱు. కాని తండ్రి యతనికొఱకును వెలుపలికి వచ్చి బతిమాలెను. అతడు లోనికి పోయెనో లేదో లూకా చెప్పలేదు.