తప్పయిందండీ: కృష్ణా డెల్టాలో తప్పు ఒప్పుకునే మాటల చరిత్ర

తప్పు చేసినవాడు ఆ సంగతి ఒప్పుకునేటప్పుడు తెలుగులో ఏమంటాడన్న ప్రశ్నకు రెండు జవాబులు చలామణీలో ఉన్నాయి. తెలుగువాళ్ళకు అసలు అలాంటి మాటే లేదని, 'సారీ' వచ్చాకే ఆ మర్యాద అలవడిందని ఒక జవాబు. 'క్షమించండి' అనే చక్కటి మాటను ఇంగ్లీషు 'సారీ' తరిమేసిందని రెండోది. మచిలీపట్నం (బందరు), గుడివాడ, దివిసీమల వాడుకను దగ్గరగా చూస్తే రెండూ నిలబడవు. ఇక్కడి పొలం గట్ల మీద, వాకిళ్ళలో, కులపంచాయతీల్లో తరతరాలుగా వినబడిన మాట 'తప్పయింది'. సారీ తోసేసింది దాన్ని. సాటి మనిషితో 'క్షమించండి' అనడం సారీకి ఇంచుమించు తోటి వయసు వాడుకే గాని దాని కన్నా ముందుది కాదు.

'తప్పు' క్రియ కూడా. గురి తప్పడం, దారి తప్పడం, మాట తప్పడం, పరీక్ష తప్పడం: అన్నిటా ఉండవలసిన చోటు నుంచి పక్కకు పోవడమే అర్థం. దానికి ఎదురు మాట 'ఒప్పు', అంటే తగి ఉండటం, అమరడం. ఒప్పందం, ఒప్పుకోలు దాని సంతానమే. 'తప్పు ఒప్పుకోవడం' అన్న పలుకుబడిలో ఈ ఎదురెదురు మాటలు రెండూ పక్కపక్కన కూర్చున్నాయి. పొరపాటు వేరు, అది కావాలని చేసింది కాదు. ఇక నోరు జారిందంటే మాట తొందరపడింది. బుద్ధి గడ్డి తిందంటే తెలిసి తెలిసీ చేసిన పని. కళ్ళు నెత్తికెక్కాయంటే అహంకారం. ఒప్పుకునేవాడు ఏ మాట ఎంచుకున్నాడో దాన్నిబట్టే తప్పు బరువెంతో వినేవాడికి తెలిసేది.

అవతలివాణ్ణి అడిగే మాటలు ఇంకో వరస. 'తప్పు కాయండి' అంటే కాపాడమని. 'కడుపులో పెట్టుకోండి' అంటే బయటికి పొక్కనివ్వకుండా దాచుకోమని. 'మన్నించు' అన్నది పాత తెలుగులో గౌరవించడం; తప్పు చేసినా మనిషిగా లెక్కచెయ్యమనే వేడుకోలులోంచి దానికి ఇప్పటి అర్థం వచ్చి ఉండాలి. సంస్కృతం నుంచి వచ్చిన 'క్షమ' ఓర్పు. భూమికీ అదే పేరు. అయితే క్షమాపణ చాలాకాలం పూజగదిలోని మాట. పూజ చివర, మంత్రం తప్పినా క్రియ తప్పినా ఓర్చుకోమని దేవుణ్ణి అడగడానికి అది. పక్కింటివాడి గేదె చేలో పడితే ఎవరూ క్షమాపణ అనలేదు.

మాట ఒక్కటే కాదు, ఒళ్ళు కూడా ఒప్పుకునేది. చెంపలేసుకోవడం, గుంజీలు తీయడం, చెవులు పట్టుకోవడం, ముక్కు నేలకు రాయడం, కాళ్ళ మీద పడటం పిల్లల నుంచి పెద్దల దాకా తలా ఒక మెట్టుగా ఉండేవి.

'తప్పు చేశాను' అనకుండా 'తప్పయింది' అనడంలో బాధ్యత తప్పించుకునే గుణం ఉందని, కర్త లేని వాక్యం కర్త లేని తప్పును చూపిస్తుందని ఒక విమర్శ తరచు వినిపిస్తుంది. వ్యాకరణం వరకే చూస్తే అది నిజమనిపిస్తుంది. కాని ఆ వాక్యం వాడుకలో ఒంటరిగా ఉండేది కాదు. దివిసీమ దిగువన, నాగాయలంక, కోడూరు వైపు కాలవ చివరి భూముల్లో నీటి వంతు ప్రాణంతో సమానం. రాత్రి వేళ పక్కవాడి వంతులో బోదెకు గండి కొట్టి నీళ్ళు మళ్ళించుకున్నవాడు తెల్లారి దొరికిపోతాడు. అతను అనే మాట ఇలా ఉంటుంది: "తప్పయింది అన్నయ్యా, నీళ్ళు చాలక బుద్ధి గడ్డి తింది. గట్టు నేనే వేసిపెడతా, ఇయ్యాల్టి నా వంతు నువ్వు పెట్టుకో." ఇందులో 'నేను చేశాను' అన్న ముక్క ఎక్కడా లేదు. అయినా చేసిందెవరో, ఎందుకు చేశాడో, దానికి బదులు ఏం చేస్తాడో అన్నీ ఉన్నాయి. కులపెద్దల పంచాయతీల్లో 'తప్పు' అన్న మాటకు జరిమానా అనే అర్థం కూడా ఉండేది. పెద్దలు తప్పు వేస్తే చేసినవాడు తప్పు కట్టేవాడు. నేరానికీ దాని మూల్యానికీ ఒకే పేరున్న చోట ఒప్పుకోలు ఉత్తమాటగా మిగలడం కష్టం.

ఆ పలుకుబడికి అసలు లోపం వేరే చోట ఉంది. అది కిందినుంచి పైకే నడిచేది. పాలేరు ఆసామికి, కోడలు అత్తకు, కొడుకు తండ్రికి 'తప్పయింది' అనాలి. ఆసామి పాలేరుతో అనడానికి మాట లేదు. తండ్రి అనవసరంగా కొట్టిన కొడుకును రాత్రి పక్కన కూర్చోబెట్టుకుని ముద్ద కలిపి పెట్టేవాడు. 'పోన్లే నాన్నా, తిను' అనేవాడు. అది ఒప్పుకోలే. కాని పేరు పెట్టి పలకని ఒప్పుకోలు. కావ్యాల్లో మినహాయింపు ప్రణయం ఒక్కటే. నంది తిమ్మన పారిజాతాపహరణంలో సత్యభామ పాదం తగిలాక కూడా బతిమాలేది కృష్ణుడే. 1966 నాటి శ్రీకృష్ణ తులాభారం సినిమాలో జమున, నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి. రామారావు నటించిన సన్నివేశం ఆ కథను ఇంటింటికీ చేర్చింది. అదే సత్యభామకు కూచిపూడి భామాకలాపంలో అందం మీది గర్వం విరహంతో కరగాలి, చెలికత్తె మాధవి చేతికి ఆమే ఉత్తరం ఇచ్చి పంపాలి. ఇద్దరిలో ఎవరు తగ్గాలన్నది ఈ నేల మీద ఎప్పుడూ తేలని వాదమే.

ఇంగ్లీషు ప్రభావాన్ని 1611 నుంచి లెక్కించడం మామూలు. ఆ ఏడు ఈస్టిండియా కంపెనీ ఓడ బందరు రేవుకు వచ్చింది, వర్తకస్థానం వెలిసింది. డచ్చివారు అంతకు ఆరేళ్ళ ముందే దిగారు. ఇంత పాత పరిచయం వల్ల సారీ కూడా అప్పుడే దిగి ఉంటుందని అనుకోవడానికి ఆధారం కనబడదు. కంపెనీ వ్యవహారం దుబాసీల నోటి మీదుగా నడిచింది. కచేరీల్లో స్థిరపడిన మాటలు పారసీ మీదుగా వచ్చినవి: ఫిర్యాదు, జరిమానా, రాజీనామా, ముచ్చలిక. ఇకమీద ఇలా చెయ్యనని రాసిచ్చే కాగితం ముచ్చలిక. తప్పు ఒప్పుకోలు కాగితానికి ఎక్కడం దానితో బలపడింది. రెండు శతాబ్దాల పైబడిన ఆ కాలంలో తప్పు విషయంలో జనం నోటి మాట మారిన జాడ లేదు.

మార్పు 1841 తర్వాతిది. ఆ ఏడు చర్చి మిషనరీ సొసైటీ పక్షాన నోబుల్, ఫాక్స్ బందరు చేరారు. 1843లో నోబుల్ పెట్టిన బడి తర్వాత నోబుల్ కళాశాల అయింది. ఇంగ్లీషు మాట్లాడే గుమాస్తాలనూ వకీళ్ళనూ తయారుచెయ్యడమే ఆ బడి ప్రభావమని పరిమితం చేస్తే ముఖ్యమైనది జారిపోతుంది. ఆంగ్లికన్ ఆరాధనలో సామూహిక ఒప్పుకోలు ఉంది: దొర, ఉపదేశి, కూలి అందరూ ఒకే గొంతుతో తాము తప్పినవాళ్ళమని పైకి అనాలి. ఆ ప్రార్థన తెలుగులోకి వచ్చింది, దానితోపాటు 'మారుమనస్సు' వంటి కొత్త మాటలూ నాటుకున్నాయి. పైవాడు కిందివాడి పక్కన నిలబడి 'తప్పాను' అనడం ఈ ప్రాంతంలో ఒక నిత్యకృత్యంగా మొదలైన చోటు అది. దీని బలాన్ని ఎక్కువ చెయ్యకూడదు. ఆ ఒప్పుకోలు దేవుడితో గాని మనిషితో కాదు. 1852లో ఇద్దరు విద్యార్థులు క్రైస్తవం పుచ్చుకోగానే బడి దాదాపు ఖాళీ అయిందంటే, ఊరి పెద్ద కులాలు ఆ ఆరాధనకు ఎంత దూరంలో నిలబడ్డాయో తెలుస్తుంది.

ఆ దూరాన్ని దాటించింది గాంధీ. 1919లో సత్యాగ్రహాన్ని ఆపి, తన అంచనా హిమాలయమంత తప్పని నడియాడ్‌లో ఒప్పుకున్నాడు. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా హింస తర్వాత ఉద్యమం నిలిపి, అయిదు రోజులు ఉపవాసం చేశాడు. దేశమంతా పెద్దగా చూసే మనిషి తన మాట నమ్మి నడిచినవాళ్ళ ముందు తల వంచడం తెలుగు పాఠకుడికి పత్రికల ద్వారా అందింది. 1902లో బందరులో మొదలై ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలో ఎదిగిన కృష్ణాపత్రిక, 1910లో వెలిసిన ఆంధ్ర జాతీయ కళాశాల ఆ రోజుల్లో ఈ ఊరిని జాతీయోద్యమానికి ఒక ముఖ్య కేంద్రం చేశాయి. బందరులో వైద్యవృత్తి చేసిన పట్టాభి సీతారామయ్య 1939 జనవరిలో కాంగ్రెస్ అధ్యక్ష పదవికి సుభాస్ చంద్రబోసుతో పోటీపడి ఓడినప్పుడు, ఆ ఓటమి పట్టాభిది కన్నా తనదే ఎక్కువన్నాడు గాంధీ. అందులో ఒప్పుకోలుతోపాటు బోసు మీద ఒత్తిడి కూడా ఉంది. ఏప్రిల్‌లో బోసు రాజీనామా చేశాడు. గాంధీ ఒప్పుకోళ్ళన్నిటినీ ఒకే గాటన కట్టకూడదనడానికి ఇది చాలు. అయినా పైవాడు పలకదగిన మాటగా 'పొరపాటు నాదే' అన్నది నిలదొక్కుకోవడానికి ఇంగ్లీషు మర్యాదల కన్నా ఈ ఇరవయ్యేళ్ళ రాజకీయమే పెద్ద కారణం.

అచ్చులో కూడా తప్పు ఒప్పుకునే అలవాటు కనిపిస్తుంది. పాత తెలుగు పుస్తకాల వెనక 'తప్పొప్పుల పట్టిక' ఉంటుంది: ఎడమ పక్క తప్పు, కుడి పక్క ఒప్పు, పుట, పంక్తి. ఇంతకన్నా నిజాయితీ గల ఒప్పుకోలు తెలుగు అచ్చులో లేదు. అంగలూరులో పుట్టిన త్రిపురనేని గోపీచంద్ అసమర్థుని జీవయాత్ర నవలలో ఇలాంటి లెక్కను మనిషి లోపలికి తిప్పాడు. దాని నాయకుడు సీతారామారావు తనను తాను తవ్వుకునే తీరుకు పాత పలుకుబడిలో దేనితోనూ పేరు పెట్టలేము.

సారీ మాత్రం ఇవేవీ మోయకుండా వచ్చింది. ఇంగ్లీషులో దాని మూలం నొప్పి. పుండుకు వాడే మాటకు చుట్టం. తెలుగులోకి వచ్చేసరికి ఆ నొప్పి పోయింది. కాలేజీ నుంచి సినిమాకు, సినిమా నుంచి కాన్వెంటు పిల్లల నోటికి దిగి, స్వాతంత్ర్యం తర్వాతి దశాబ్దాల్లో పల్లెల్లోనూ ఇంటిమాట అయింది. దానికి దొరికిన క్రియ 'చెప్పు'. తప్పు ఒప్పుకోవాలి, తప్పు కట్టాలి. సారీ చెప్తే చాలు. ఇప్పుడు వార్తల్లో 'క్షమాపణ చెప్పాలి' అంటున్నది దాని నీడే, ఎందుకంటే క్షమాపణ కోరవలసింది. కృతజ్ఞతలు, నమస్కారాలు కూడా 'చెప్తాం' గనుక ఈ వాడుకంతా ఇంగ్లీషు వల్లనే అనడానికి లేదు. కాని కోరడం చెప్పడంగా మారిన చోట అవతలివాడు కాదనే వీలు పోయింది. రైల్వే స్టేషన్లలో వినబడే 'అసౌకర్యానికి చింతిస్తున్నాం' ఇంకో మెట్టు కింద ఉంది. అందులో తప్పు అన్న మాటే లేదు. అమెరికా నుంచి సంక్రాంతికి గుడివాడ వచ్చే కుర్రాళ్ళ నోట 'మై బ్యాడ్' వినిపిస్తోంది. అది అక్కడి బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళ మాట, 1986 నాటికి అచ్చుకెక్కింది. బంతి చెయ్యి జారిందని ఒప్పుకుని ఆట ఆగకుండా సాగించడానికి పనికొచ్చేది. ఆటకు సరిపోతుంది. తాకట్టు పొలం విషయంలో తమ్ముణ్ణి మోసం చేసినవాడికి సరిపోదు.

అయినా సారీని తిట్టేవాళ్ళు ఒక సంగతి మరిచిపోతున్నారు. ఆసామి పాలేరుతో, మొగుడు పెళ్ళాంతో, తండ్రి కొడుకుతో నోరు విప్పి అనగలిగిన మొదటి మాట చాలా ఇళ్ళలో అదే. ముద్ద కలిపి పెట్టి ఊరుకున్న తండ్రి మనవడి దగ్గరికి వచ్చేసరికి 'సారీ రా' అంటున్నాడు. 'తప్పయింది' ఆ పని ఎన్నడూ చెయ్యలేదు. పోయింది మరోటి: గట్టు వేసిపెడతానన్న రెండో వాక్యం. సారీ తర్వాత అది రావడం అరుదైంది, అడిగేవాళ్ళూ తగ్గారు.

ఒళ్ళు చెప్పే భాష మాత్రం ఇంకా మారలేదు. గుడివాడ నుంచి బందరు వెళ్ళే కిక్కిరిసిన బస్సులో ఒకరి కాలు ఇంకొకరి కాలికి తగులుతుంది. 'సారీ అండి' అని నోరు అంటూనే ఉంటుంది. ఈలోపు చెయ్యి కిందికి వెళ్ళి అవతలివాళ్ళ మోకాలు తాకి కళ్ళకద్దుకుంటుంది. అవతలివాళ్ళు ఏమీ అనరు, కాస్త జరిగి చోటిస్తారు.