సద్దుల బతుకమ్మ

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు అమ్మాయిలు చప్పట్లతో బతుకమ్మ ఆడే రోజులివి. తార్నాక ఇళ్లలో గునుగు, తంగేడు పేరుస్తారు. తొమ్మిదోనాటి పండుగకు పూల పేరు కాదు, అన్నం పేరు పెట్టారు: సద్దుల బతుకమ్మ.

'చల్ల'దనంలోంచి చల్ది పుట్టింది. అదే చద్ది, తెలంగాణ నోట సద్ది. చల్లారిన అన్నం, పొలానికీ ప్రయాణానికీ కట్టుకుపోయే మూట. పోతన భాగవతంలో గోపబాలురు తిన్నదీ చల్దే. పండుగనాడు పెరుగు, చింతపండు, నువ్వులు, కొబ్బరి కలిపిన అన్నాలే సద్దులు. ఆట ముగిశాక చెరువు గట్టున పంచుకుంటారు.

ఈ పండుగ అమావాస్యతో మొదలై చంద్రుడి లెక్కన నడుస్తుంది. కూలి తల్లి కొంగున కట్టుకున్న మూట పేరునే దేవత నైవేద్యానికి పెట్టుకోవడం నాకెంతో ఇష్టం.