నలుపు తెలుపు ఫొటోకి రంగులెక్కడివి?

మ్యాచింగ్ జాకెట్టు గుడ్డని షాపు బయటికి తెచ్చి పగటి వెలుతురులో చూసుకుంటాం కదా! నలుపు తెలుపు ఫొటోకీ ఆ అవసరం వచ్చింది.

పాత స్టూడియోల్లో ఫొటోలోని వెండిని గంధకంతో కలిపి గోధుమరంగు తెప్పించేవారు. ఆ రంగంతా ఒకే పదార్థానిది, అందుకే దీపం మారినా ఛాయ పెద్దగా మారదు.

ఇంక్‌జెట్ వచ్చాక నీలం, గులాబీ, పసుపు సిరాలు కలిపి బూడిదరంగు పుట్టించారు. ఒక్కో సిరా ఒక్కో వెలుతురుకి ఒక్కోలా స్పందిస్తుంది. 2000లో వచ్చిన ఎప్సన్ 2000పి ప్రింట్లు మామూలు బల్బు కింద బాగుండి, పగటిపూట ఆకుపచ్చగా తేలేవి. 2005లో ఆ కంపెనీయే మూడు నల్ల సిరాలు తెచ్చింది. రంగు సిరాల వాడకం తగ్గి, తేడా కూడా తగ్గింది.

తాతమ్మల ఫొటోకి కాపీ తీయిస్తే, తగిలించే గోడ దగ్గరే పగలూ రాత్రీ చూడండి. ఆవిడ మొహం ఏ వేళైనా ఆవిడలాగే ఉండాలి.