సొంత కంప్యూటర్లలో ఆపరేటింగ్ సిస్టమ్‌లు: పోలికల చరిత్ర

కంప్యూటర్ ఆన్ చేయగానే మెమరీ, డిస్కు, కీబోర్డు, తెర అన్నిటినీ అదుపులోకి తీసుకుని మిగతా ప్రోగ్రాములకు పని కల్పించేది ఆపరేటింగ్ సిస్టమ్. ఇళ్లలో, దుకాణాల్లో, చిన్న ఆఫీసుల్లో ప్రధానంగా కనిపించేవి మూడు: మైక్రోసాఫ్ట్ విండోస్, యాపిల్ మ్యాక్ ఓఎస్, లినక్స్. ఏది మేలన్న వాదన దశాబ్దాలుగా తెగడం లేదు. నిజానికి చాలామంది దేన్నీ ఏరికోరి ఎంచుకోలేదు. కొన్న కంప్యూటర్లో ఏది వేసి ఉంటే దానికే అలవాటు పడ్డారు.

ఈ అలవాటుకు బీజం పడింది 1981లో. ఆ ఏడాది ఆగస్టులో ఐబీఎం విడుదల చేసిన పర్సనల్ కంప్యూటర్‌కు డాస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ అందించింది మైక్రోసాఫ్టే అయినా, మొదట రాసింది ఆ సంస్థ కాదు. సియాటిల్ కంప్యూటర్ ప్రొడక్ట్స్‌లో టిమ్ ప్యాటర్సన్ తయారుచేసిన 86-డాస్‌ను కొని, మార్పులు చేసి ఇచ్చింది. అసలు తెలివంతా ఒప్పందంలో ఉంది: అదే డాస్‌ను ఇతర తయారీదారులకూ అమ్ముకునే హక్కు మైక్రోసాఫ్ట్ తన దగ్గరే ఉంచుకుంది. కాంపాక్ లాంటి కంపెనీలు ఐబీఎం నమూనాలో యంత్రాలు చేయడం మొదలుపెట్టాక, వాటితోపాటే డాస్ కూడా ఊరూరా చేరింది. వాడడం మాత్రం తేలికేమీ కాదు. ఫ్లాపీలో ఏముందో చూడాలంటే నల్లటి తెర మీద డీఐఆర్ అని కొట్టాలి. ఒక్క అక్షరం తప్పినా 'బ్యాడ్ కమాండ్ ఆర్ ఫైల్ నేమ్' అని కసురుకునేది.

1984 జనవరిలో వచ్చిన యాపిల్ మ్యాకింటోష్ ఆ బాధ తప్పించింది. జిరాక్స్ పార్క్ ప్రయోగశాలలో రూపుదిద్దుకున్న కిటికీలు, చిహ్నాలు, మౌస్ పద్ధతిని మామూలు కొనుగోలుదారుల దాకా తెచ్చింది. ధర 2,495 డాలర్లు. యంత్రమూ సాఫ్ట్‌వేరూ ఒకే కంపెనీవి కావడంతో పేచీలు తక్కువ. ధర దిగకపోవడానికీ అదే కారణం.

మైక్రోసాఫ్ట్ 1985లోనే విండోస్ తెచ్చినా, జనం పట్టించుకున్నది 1990 నాటి 3.0 నుంచే. 1995 ఆగస్టు 24న వచ్చిన విండోస్ 95తో స్టార్ట్ బటన్, టాస్క్‌బార్ స్థిరపడ్డాయి. అలవాటు ఎంత బలమైందో 2012లో తేలింది: విండోస్ 8లో ఆ స్టార్ట్ బటన్ తీసేస్తే గగ్గోలు పుట్టింది, మరుసటి ఏడాది 8.1లో తిరిగి పెట్టక తప్పలేదు.

లినక్స్ దారి వేరు. 1991లో హెల్సింకి విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ రాసిన కెర్నెల్‌కు, అంటే సిస్టమ్ గుండెకాయకు, రిచర్డ్ స్టాల్‌మన్ ప్రారంభించిన గ్నూ ప్రాజెక్టు పనిముట్లు తోడయ్యాయి. 2004లో మొదలైన ఉబుంటు అనే లినక్స్ రూపం, అడిగినవారికి ఉచితంగా సీడీలు పోస్టులో పంపింది. డిస్కులో ఉన్నదేదీ చెరపకుండా సీడీ నుంచే నడిపి చూసే వీలూ ఉండేది. వైఫై కార్డో ప్రింటరో మొరాయిస్తే మాత్రం కొత్తవాళ్లు అక్కడే ఆగిపోయేవారు. పైసా ఖర్చు లేకపోయినా లినక్స్ ఇళ్లలోకి పెద్దగా చొరబడలేకపోయిందంటే, పెట్టెలో ముందే వేసి రావడానికి ఎంత విలువో అర్థమవుతుంది.

తెలుగువారికి ఈ పోలికలో ఇంకో కొలమానం ఉంది: తెర మీద తెలుగు సరిగా కనపడుతుందా? 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉంది. కానీ కంట్రోల్ ప్యానెల్లో రీజినల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్ తెరిచి, సంక్లిష్ట లిపుల ఫైళ్ల గడిలో టిక్కు పెట్టి, అడిగినప్పుడు ఎక్స్‌పీ సీడీ వేస్తేగాని వత్తులూ గుణింతాలూ తమ చోట కుదురుకునేవి కావు. లినక్స్ వాడకందారులకు తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన2000, వేమన2000 ఫాంట్లు అక్కరకొచ్చాయి. డీటీపీ సెంటర్లది మరో లోకం. అక్కడి పేజ్‌మేకర్, అను ఫాంట్ల పని విండోస్ మీదే సాగేది కాబట్టి శుభలేఖలు, కరపత్రాలు వేసే దుకాణాలకు వేరే సిస్టమ్ ఆలోచనే ఉండేది కాదు. యూనికోడ్ కాని ఆ ఫాంట్లలో కొట్టిన మేటర్ ఇంకోచోట తెరిస్తే పిచ్చి గీతలే. యాపిల్‌కు తెలుగు పరీక్ష 2018 ఫిబ్రవరిలో ఎదురైంది. 'జ్ఞా' అక్షరాన్ని ఒక ప్రత్యేకమైన కూర్పులో పంపితే ఐఫోన్లలోనూ మ్యాక్‌లలోనూ యాప్‌లు కుప్పకూలాయి. ఫిబ్రవరి 19న సవరణ విడుదల చేసేదాకా ప్రపంచ పత్రికల్లో తెలుగు అక్షరం వార్తగా నిలిచింది.

భద్రత కూడా క్రమంగా పోలికల్లోకి వచ్చింది. 2003లో బ్లాస్టర్ వర్మ్ విండోస్ యంత్రాలను చుట్టుముట్టాక, మరుసటి ఏడాది ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2తో ఫైర్‌వాల్ దానంతటదే పనిచేసేలా మార్చారు. మ్యాక్, లినక్స్ అభిమానులు తమకు వైరస్‌ల బెడద లేదని గొప్పగా చెప్పుకునే రోజులవి. వాడేవాళ్లు తక్కువ కాబట్టి వైరస్ రాసేవాళ్ల దృష్టి వాటిపై అంతగా పడలేదన్న సంగతి ఆ గొప్పల్లో వినపడేది కాదు.

ఇప్పటి తగువు ఆయుష్షు గురించి. విండోస్ 10కు ఉచిత సహాయం 2025 అక్టోబరు 14తో ముగిసింది. 2021లో వచ్చిన విండోస్ 11 టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలంటుంది కాబట్టి, చక్కగా పనిచేస్తున్న పాత యంత్రాలు ఎన్నో బయటే ఉండిపోయాయి. అలాంటివాటిపై కొందరు లినక్స్ మింట్ వేసుకుంటున్నారు. మ్యాక్ వాడేవారికీ ఈ చిక్కు తప్పలేదు. 2020లో సొంత చిప్పులకు మారిన యాపిల్, ఇంటెల్ చిప్పులున్న యంత్రాలపై నడిచే ఆఖరి వెర్షన్ మ్యాక్ ఓఎస్ టాహోయేనని 2025లో ప్రకటించింది.